పిడుగులు పోయాక వచ్చే ఎండ గురించి కూడా రాయండి: వాతావరణ సూచనలు ఇచ్చేవారికి ఒక బహిరంగ లేఖ

వారం వారం వాతావరణ సూచన తయారుచేసే శాస్త్రవేత్తలకు, దాన్ని టీవీల్లో, రేడియోల్లో, ఫోన్లలో మా దాకా చేర్చే మిత్రులకు నమస్కారం.

నేను ఒక బిల్డింగ్ సైట్‌లో సూపర్‌వైజర్‌ని. ఇరవై ఇద్దరు పనివాళ్లు నా మాట మీద పరంజా ఎక్కుతారు, నా మాట మీద దిగుతారు. నేనేమో మీ మాట మీద ఆధారపడతాను. స్లాబ్ ఏ రోజు వేయాలి, క్రేన్ ఎప్పుడు ఆపాలి, సిమెంటు బస్తాల మీద టార్పాలిన్ ఎప్పుడు కప్పాలి, ఇవన్నీ మీ సూచన చూసే తేల్చుకుంటాను. ప్రతి ఆదివారం సాయంత్రం మీ వారం సూచనను గేటు పక్కనున్న నల్లబోర్డు మీద చాక్‌పీస్‌తో రాస్తాను. చదవడం రానివాళ్ల కోసం బొమ్మలు కూడా వేస్తాను. మబ్బు, మెరుపు గీత, సూర్యుడు.

పోయిన వేసవిలో ఒక వారం బోర్డు మీద రాసింది నాకింకా పొల్లుపోకుండా గుర్తుంది. సోమ, మంగళవారాల్లో ఉరుములు మెరుపులతో వర్షం, గంటకు 60 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు, అక్కడక్కడా పిడుగులు పడే అవకాశం, చెట్ల కింద నిలబడవద్దు, బయటి పనులు వాయిదా వేసుకోండి. ఇదంతా నాలుగు లైన్లు వచ్చింది. ఆ కింద ఒకే లైను: ‘బుధవారం నుంచి పొడి వాతావరణం, ఉష్ణోగ్రతలు క్రమంగా పెరుగుతాయి.’ దాని పక్కన మీరిచ్చిన పసుపుపచ్చ సూర్యుడి బొమ్మే నేనూ వేశాను.

మంగళవారం మమ్మల్ని కాపాడింది ఆ నాలుగు లైన్లే. దానికి ముందుగా మీకు దండం పెట్టుకోవాలి. శనివారం మాత్రం మా దగ్గర ఒకతని ప్రాణం మీదికి వచ్చింది. ఆ శనివారం గురించి బోర్డు మీద ఉన్నది ఆ ఒక్క లైను, ఆ సూర్యుడు. ఈ ఉత్తరం అందుకే.

మంగళవారం సంగతి చెప్తాను. పొద్దుటినుంచి ఉక్కపోత. చొక్కా ఒంటికి అతుక్కుపోయి, తుడుచుకున్న చెమట తుడుచుకున్నట్టే మళ్లీ పట్టేస్తోంది. మూడు దాటాక గాలి పూర్తిగా స్తంభించింది. ఆకు కదల్లేదు. పడమటి వైపు మబ్బు కొండలా లేచి, పైన కమ్మరి దాగలిలా చదునుగా పరుచుకుంది. మొదటి మెరుపు కనబడగానే లెక్కపెట్టడం మొదలుపెట్టాను. శబ్దం కిలోమీటరు దూరం రావడానికి సుమారు మూడు సెకన్లు పడుతుంది కాబట్టి, మెరుపుకీ ఉరుముకీ మధ్య ముప్పై సెకన్లు ఉంటే పిడుగు పది కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు. అంతకంటే తక్కువైతే ఇక ఆలోచించొద్దని మీరే ఏళ్ల తరబడి చెప్తున్నారు. ఇరవై ఎనిమిది అంకె దగ్గర ఉరుము వినబడింది. విజిల్ వేశాను.

అందరినీ పరంజా మీంచి దింపి, పనివాళ్లను తీసుకొచ్చే బస్సులో ఎక్కించి, అద్దాలు మూయించాం. ముందురోజే అందరికీ బోర్డు చదివి చెప్పి ఉంచాను కాబట్టి ఎందుకు, ఏమిటి అని ఒక్కరూ అడగలేదు. ఆఖరి మనిషి ఎక్కిన పావుగంటకి, క్రేన్‌కి యాభై అడుగుల దూరంలో ఉన్న పెద్ద చెట్టు మీద పిడుగు పడింది. వెలుగూ చప్పుడూ ఒకేసారి. మధ్యలో లెక్కపెట్టడానికి ఒక్క అంకె కూడా లేదు. వాన వెలిశాక వెళ్లి చూస్తే, చెట్టు బెరడు పైనుంచి మొదలు దాకా అరచేయి వెడల్పున చీరుకుపోయి, లోపలి చెక్క తెల్లగా బయటపడింది. పిడుగు దారిలోని గాలి ఒక్క క్షణంలో దాదాపు 30,000 డిగ్రీలకు వేడెక్కుతుందని, అది సూర్యుడి ఉపరితలం కంటే ఐదు రెట్లు వేడి అని చదివాను. చెట్టు లోపలి నీరు ఆ వేడికి ఒక్కసారిగా ఆవిరై బెరడును పేల్చేస్తుందట. ఆ చారను వేలితో తడిమి చూసినప్పుడు నా చెయ్యి వణికింది. విజిల్ వేసేదాకా ఇద్దరు మా వాళ్లు ఆ చెట్టు నీడలోనే రాడ్లు వంచుతున్నారు.

ఆఖరి ఉరుము విన్నాక అరగంట ఆగి గానీ బస్సు తలుపు తీయలేదు. అదీ మీరు చెప్పిందే.

కాబట్టి మీ పని విలువ నాకు తెలుసు. పిడుగు హెచ్చరిక ఎంత బాగా రాస్తారో, ఆ వెనకాలే వచ్చే ఎండ గురించి కూడా అంత బాగా రాయమని అడగడానికే కూర్చున్నాను.

వాన రోజుల మాట కూడా ఒకటుంది, అది ముందే చెప్పేస్తాను. ‘వర్షానికి 40 శాతం అవకాశం’ అని రాస్తారు. దానర్థం మా బోర్డు ముందు నిలబడేవాళ్లలో సగంమందికి తెలియదు. ఒకరు రోజులో 40 శాతం సేపు వాన పడుతుందనుకుంటారు. ఇంకొకరు ఊళ్లో 40 శాతం జాగాలో పడుతుందనుకుంటారు. ఇదేదో చదువుకోనివాళ్ల ఇబ్బంది అనుకోకండి. 2005లో బెర్లిన్, ఆమ్‌స్టర్‌డామ్, ఏథెన్స్, మిలాన్, న్యూయార్క్ నగరాల్లో దారిన పోయేవాళ్లను ఇలాంటి ప్రశ్నే అడిగిన పరిశోధన ఒకటి అచ్చయింది. ‘రేపు వర్షానికి 30 శాతం అవకాశం’ అంటే అర్థమేమిటని అడిగితే, ఒక్క న్యూయార్క్‌లోనే ఎక్కువమంది సరిగ్గా చెప్పగలిగారు. ఇలాంటి వాతావరణం ఉన్న పది రోజుల్లో నాలుగు రోజులు ఇక్కడ వాన పడుతుంది అని రాస్తే ఏం పోతుంది? దానికి తోడు ఏ పూట అన్నది కావాలి. పనిచేయించేవాడికి శాతం కన్నా ‘మధ్యాహ్నం రెండు నుంచి ఏడు లోపు’ అన్న మాట వందరెట్లు నయం. పొద్దుట పని చేసుకుని మధ్యాహ్నం దిగిపోతాం. ఉత్త శాతం ఇస్తే కొందరు రోజంతా పని మానుకుని కూలి పోగొట్టుకుంటారు, కొందరు ఏమీ పట్టించుకోరు.

ఇప్పుడు అసలు విషయం.

బుధవారం తెల్లారేసరికి లోకం కడిగినట్టుంది. ముందురోజు 35 డిగ్రీలున్న చోట 26. మట్టి వాసన, చల్లగాలి. మా వాళ్లు హాయిగా పనిచేశారు. గురువారం 29. మేఘం లేదు, ఎండ కళ్లు మిరుమిట్లు గొలుపుతోంది, అయినా ఎవరికీ ఇబ్బంది అనిపించలేదు. ‘ఎండ తగ్గిపోయింది సార్, ఇక భయం లేదు’ అన్నాడు మా మేస్త్రీ. నాకూ అలాగే అనిపించింది. నీళ్ల డ్రమ్ములు సైట్‌లో రెండు చోట్ల ఉండేవి, ఒకటి తీసి పక్కన పెట్టించాను. ఆ తప్పు నాదే, ఇంకెవరిదీ కాదు. శుక్రవారం 32. శనివారం 34.

ముప్పై నాలుగు. వానకు ముందు ఆదివారం 35 ఉంది, అప్పుడు ఎవరికీ ఏమీ కాలేదు. అంతకంటే ఒక డిగ్రీ తక్కువే కదా అనుకున్నాను.

శనివారం మధ్యాహ్నం రెండున్నరకి రెండో అంతస్తులో సెంట్రింగ్ పలకలు అందిస్తున్న కుర్రాడు పలక పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. కింద నుంచి పిలిస్తే పలకలేదు. పైకెళ్లి చూస్తే చేతిలో పలక ఎందుకుందో అతనికి తెలియడం లేదు. పేరడిగితే చెప్పాడు, ఏ రోజని అడిగితే చెప్పలేకపోయాడు. ఒళ్లు కాలిపోతోంది. ఒంటి మీద చెమట ఉంది, అదే నన్ను మోసం చేసింది. వడదెబ్బ తగిలితే చెమట ఆగిపోతుందని విన్నాను, చెమట పడుతోంది కాబట్టి ఇది వడదెబ్బ కాదేమో అని ఒక నిమిషం ఆలోచించాను. కష్టపడి పనిచేసేవాళ్లకు చెమట కారుతుండగానే వడదెబ్బ తగలొచ్చని, మాట తడబడటం, తికమకపడటమే అసలు గుర్తని తర్వాత డాక్టరుగారు చెప్పారు. నీడలో పడుకోబెట్టి, బూట్లు, చొక్కా తీసేసి, డ్రమ్ములో నీళ్లన్నీ ఒంటి మీద పోస్తూ అట్టముక్కలతో విసిరాం. అంబులెన్సు వచ్చేదాకా పోస్తూనే ఉన్నాం. బతికాడు. ఒంట్లో వేడి 40 డిగ్రీలు దాటిందట. ముందు చల్లార్చి తర్వాత తీసుకురావడమే మంచిదైందని చెప్పారు. ఆ ఇరవై నిమిషాల్లో నేను పడ్డ టెన్షన్ పిడుగు పడినప్పుడు కూడా పడలేదు.

ఆ తర్వాత కొన్ని వారాలు దీని గురించే చదివాను, తెలిసినవాళ్లను అడిగాను. 35లో ఏమీ కానిది 34లో ఎందుకైంది?

నాకర్థమైంది చెప్తాను, తప్పుంటే దిద్దండి. వాన పడ్డాక నేల తడిగా ఉంటుంది. మొదటి ఒకటి రెండు రోజులు ఎండలోని వేడిలో ఎక్కువ భాగం ఆ తడిని ఆవిరి చేయడానికే ఖర్చయిపోతుంది. అందుకే థర్మామీటరు నెమ్మదిగా పెరుగుతుంది, మనకు హాయిగా అనిపిస్తుంది. కానీ ఆ ఆవిరి ఎక్కడికీ పోదు, మన చుట్టూ ఉన్న గాలిలోకే చేరుతుంది. ఈలోగా పైన అధిక పీడనం స్థిరపడితే, గాలి పైనుంచి కిందికి దిగుతూ నొక్కుకుపోయి వేడెక్కుతుంది. మబ్బులు పట్టనివ్వదు, కింది తేమను పైకి లేవనివ్వదు. మూత పెట్టిన గిన్నె లాంటిదన్నమాట. నేల ఆరుతున్నకొద్దీ ఎండలోని వేడి గాలిని కాచడం మొదలుపెడుతుంది. నాలుగో రోజుకి వేడీ, తేమా రెండూ కలుస్తాయి. మాకు ఆ నాలుగో రోజు శనివారం.

చెమట పట్టినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు. ఆ చెమట ఆవిరైతేనే చల్లబడుతుంది. ఒక లీటరు చెమట ఆవిరైతే ఒంట్లోంచి సుమారు 580 కిలో కేలరీల వేడి పోతుంది. అదే చెమట గాలి తేమగా ఉండి ఆవిరి కాక బొట్లు బొట్లుగా నేల మీద కారిపోతే నీరు పోయినట్టే గానీ వేడి పోయినట్టు కాదు. 34 డిగ్రీల దగ్గర గాలిలో తేమ 30 శాతం ఉంటే ఒంటికి తెలిసే వేడి ఇంచుమించు అంతే ఉంటుంది. తేమ 60 శాతమైతే అది సుమారు 42 డిగ్రీలతో సమానం. అది కూడా నీడలో కూర్చున్నవాడి లెక్క. నేరుగా ఎండలో ఉంటే ఇంకో ఏడెనిమిది డిగ్రీల దాకా కలుపుకోవాలి. పలకలు మోసేవాడు తన కండల్లో తనే పుట్టించుకునే వేడి వీటిలో దేనిలోనూ లేదు. మరి నా బోర్డు మీద రాసింది 34 అనే!

ఇంకో సంగతి. ఆ కుర్రాడు పది రోజులు సెలవు మీద వెళ్లి శుక్రవారమే పనిలో చేరాడు. వేడికి ఒళ్లు అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు కావాలట. చెమట త్వరగా పట్టడం, అందులో ఉప్పు తక్కువ పోవడం, గుండె కుదురుగా కొట్టుకోవడం, ఇవన్నీ ఒళ్లు నెమ్మదిగా నేర్చుకునే విద్యలు. మానేస్తే కొన్నాళ్లకు మరిచిపోతుంది. ఎండలో పనిచేసేవాళ్లలో వడదెబ్బతో పోయేవాళ్లు ఎక్కువగా పనిలో చేరిన తొలి కొన్ని రోజుల్లోనే పోతున్నారు. అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ ఒక లెక్క చెప్తుంది. కొత్తగా చేరినవాడికి మొదటిరోజు ఎండలో అయిదో వంతు పనే ఇచ్చి, రోజుకింత పెంచుకుంటూ పోవాలి. అలవాటున్నవాడు విరామం తీసుకుని తిరిగొస్తే మొదటిరోజు సగం పని. ఇప్పుడు మా సైట్‌లో అదే పాటిస్తున్నాం. ఈ మాట నాకు ఆ శుక్రవారానికి ముందు తెలిసి ఉంటే ఎంత బాగుండేది!

మీరు రాసిన ‘క్రమంగా పెరుగుతాయి’లో తప్పేమీ లేదు. నిజంగా క్రమంగానే పెరిగాయి. కానీ ఆ మాట వినేవాడి మనసులో పడేది వేరు. క్రమంగా అంటే నెమ్మదిగా, మనం సర్దుకునే వీలిస్తూ అని వింటాం. ‘పొడి వాతావరణం’ కూడా అంతే. వాన లేదని మీ అర్థం. గాలి పొడిగా ఉందని మా అర్థం. ఆ శనివారం మా సైట్‌లో గాలి పిండితే నీళ్లు కారేలా ఉంది.

నన్ను బాగా ఆలోచింపజేసింది ఇంకొకటి ఉంది. ఉరుముల వాన మేఘం కొద్ది కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది, విడి మేఘమైతే అరగంట నుంచి గంట బతుకుతుంది. మూడు రోజుల ముందు అది ఏ ఊరి మీద, ఏ గంటకు లేస్తుందో ఎవరూ చెప్పలేరు. దాని వెనకాల వచ్చే అధిక పీడనం మాత్రం వేల కిలోమీటర్ల మేర పరుచుకునే పెద్ద శాల్తీ. అది వస్తుందనీ, ఎండ పెరుగుతుందనీ నాలుగైదు రోజుల ముందే మీకు చాలా నమ్మకంగా తెలుస్తుంది. అంటే ఆ వారంలో మీకు ముందుగా, గట్టిగా తెలిసిన సంగతి శనివారం ఎండే. దాని గురించే ఒక్క లైను రాశారు. మంగళవారం పిడుగు ఎక్కడ పడుతుందో తెలియకపోయినా నాలుగు లైన్లు రాశారు.

ఇది మీ నిర్లక్ష్యం అనుకోను. సూచన రాసే అలవాటు పుట్టిందే గాలివాన నుంచి. 1859 అక్టోబరులో బ్రిటన్ తీరంలో వచ్చిన పెనుతుఫానుకు రాయల్ చార్టర్ అనే ఓడ బద్దలై నాలుగు వందల మందికి పైగా చనిపోయారు. ఆ దుఃఖంలోంచే అక్కడి వాతావరణ శాఖను చూసే రాబర్ట్ ఫిట్జ్‌రాయ్ 1861లో ఓడరేవులకు తుఫాను హెచ్చరికలు పంపడం మొదలుపెట్టాడు. అదే ఏడాది ఆగస్టు 1న లండన్ పత్రికలో జనం కోసం మొట్టమొదటి వాతావరణ సూచన వేశాడు. అప్పటినుంచి నూట అరవై ఏళ్లకు పైగా గాలివానకు మాటలు కూడుతూ వచ్చాయి. ఎండకు అంత చరిత్ర లేదు. గాలివాన చెట్లు కూల్చి, కప్పులు ఎగరగొట్టి అందరి కళ్లముందు చంపుతుంది. ఎండ తలుపులేసుకున్న గదుల్లో చప్పుడు లేకుండా చంపుతుంది. 1995 జులైలో షికాగోలో వచ్చిన వడగాలులకు ఏడు వందల మందికి పైగా పోయారు. వాళ్లలో చాలామంది ఒంటరిగా ఉంటున్న ముసలివాళ్లు.

ఉరుముల వాన, వెంటనే ఎండ, ఈ రెండూ చేతులు కలిపితే ఏమవుతుందో 2012 జూన్ 29 రాత్రి అమెరికాలో జనం చూశారు. మధ్య రాష్ట్రాల్లో పుట్టిన పిడుగుల వరస ఒకటి, డెరేచో అంటారు దాన్ని, వెయ్యి కిలోమీటర్ల దాకా పరుగెత్తి అట్లాంటిక్ తీరం చేరింది. ఎక్కువగా చెట్లు మీద పడి 13 మంది చనిపోయారు. దాదాపు 40 లక్షల కనెక్షన్లకు కరెంటు పోయింది, కొన్ని చోట్ల వారం దాకా రాలేదు. అప్పటికే అక్కడ వడగాలులు వీస్తున్నాయి. గాలివాన వెళ్లిపోయాక, కరెంటు లేని ప్రాంతాల్లో వేడికి తట్టుకోలేక 34 మంది చనిపోయారని ఆ దేశపు నేషనల్ వెదర్ సర్వీసు తన నివేదికలోనే రాసుకుంది. వాన రాత్రి పోయిన ప్రాణాలు 13, ఆ తర్వాతి ఎండలో 34. ఈ రెండు అంకెలు మీ గదుల్లో గోడ మీద రాసి పెట్టుకోండని చేతులు జోడించి అడుగుతున్నాను.

మా ఇంట్లో కూడా ఆ వారం మంగళవారం రాత్రి పోయిన కరెంటు శుక్రవారం గానీ రాలేదు. బుధ, గురు రాత్రులు కిటికీలు తెరుచుకుని నిద్రపోయాం, ఏమీ తెలియలేదు. అదే కరెంటు శనివారం పోయి ఉంటే ఎనభై దాటిన మా అమ్మ పరిస్థితి ఏమిటి? శనివారం రాత్రి పన్నెండుకి కూడా గదిలో 30 డిగ్రీలుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజుల్లో రాత్రి చల్లబడదు. పగలు ఎక్కిన వేడిని ఆ తేమే దుప్పటిలా పట్టి ఉంచుతుంది. గాలిలోని ఆవిరి మంచుగా కురవడం మొదలయ్యే ఉష్ణోగ్రత, మీరు డ్యూ పాయింట్ అంటారే, రాత్రి వేడి సాధారణంగా దానికంటే పెద్దగా కిందికి దిగదు. పగలంతా వేడిలో నలిగిన గుండె, మూత్రపిండాలు తేరుకునేది రాత్రిపూటే. ఆ రాత్రి దొరక్కపోతే మరునాటి 34 డిగ్రీలు నిన్నటి 34 డిగ్రీలు కావు. మీ వారం కార్డులో రాత్రి ఉష్ణోగ్రత ఎక్కడో మూలన, బూడిదరంగు అక్షరాల్లో ఉంటుంది. ముసలివాళ్లున్న ఇంట్లో మొదట చూడాల్సిన అంకె అదే.

నేను అడిగేది కొత్త శాఖలు, కొత్త యంత్రాలు కాదు. మీ దగ్గర ఉన్న అంకెలకే నాలుగు మాటలు తోడు చేయమంటున్నాను. ఆ వారం నా బోర్డు మీద ఈ మాటలుంటే చాలేది: ‘బుధ, గురువారాలు చల్లగా ఉంటాయి. దాన్ని చూసి మోసపోవద్దు. శుక్రవారం నుంచి తేమతో కూడిన ఎండ. శనివారం థర్మామీటరు 34 చూపించినా ఒంటికి 42లా ఉంటుంది. రాత్రిళ్లు కూడా చల్లబడదు. సెలవు నుంచి కొత్తగా పనిలో చేరినవాళ్లు, పెద్దవాళ్లు, చంటిపిల్లలు జాగ్రత్త. గాలివానకు కరెంటు పోయి ఇంకా రాని ఇళ్లలో ఉన్నవాళ్లు శనివారం లోపు చల్లటి చోటు చూసుకోండి.’ ఇంతే. దీనిలో మీకు సోమవారానికి తెలియని సంగతి ఏదైనా ఉందా?

చల్లటి చోటు అన్న మాట ఊరికే అనలేదు. కరెంటు లేనప్పుడు జనం జనరేటర్లు ఇంట్లోనో వరండాలోనో పెట్టేసుకుంటారు, దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండా ప్రాణం తీస్తుంది. ఫ్యాన్ ఉంటే చాలనుకుంటారు, గది వేడి 40 దాటితే ఫ్యాన్ ఒంటిని చల్లార్చకపోగా ఇంకా వేడెక్కిస్తుంది. వాన నీళ్లు నిలిచిన డబ్బాల్లో దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా వారం, పది రోజులే పడుతుంది, ఎండ ముదిరితే ఇంకా తొందర. వాన తర్వాతి ఎండలో ఇన్ని కలిసి వస్తాయి. వాటన్నిటికీ కలిపి ఒక నవ్వే సూర్యుడి బొమ్మ వేస్తే ఎలా? పిడుగుకీ బియ్యానికీ ఒకే మంత్రం అన్నట్టు, హాయిగా ఉన్న గురువారానికీ, ప్రాణాంతకమైన శనివారానికీ అదే సూర్యుడు. కనీసం రంగు మార్చండి. తేమ కలిసిన ఎండకు వేరే బొమ్మ పెట్టండి. చదవలేనివాళ్లు బొమ్మనే నమ్ముకుంటారు.

మీలో కొందరు ఏమంటారో నేను ఊహించగలను. ప్రతి రోజుకీ హెచ్చరిక పెడితే జనం వినడం మానేస్తారు అంటారు. నిజమే, రోజూ విజిల్ వేస్తే మా వాళ్లు కూడా దిగరు. అందుకే నేను హెచ్చరికలు పెంచమనడం లేదు. ఎర్ర రంగు పెద్ద ఎండలకే ఉంచుకోండి. నేనడిగేది వాక్యం గురించి. ‘ఉష్ణోగ్రతలు క్రమంగా పెరుగుతాయి’ బదులు ఏ రోజుకి, ఎవరికి, ఎందుకు కష్టమో చెప్పే వాక్యం. అది భయపెట్టదు, సిద్ధం చేస్తుంది. మంగళవారం మా వాళ్లు మాట అడగకుండా బస్సెక్కింది భయంతో కాదు, ముందే అర్థమై ఉండటం వల్ల.

టీవీ, రేడియో మిత్రులకు విడిగా ఒక మనవి. శాస్త్రవేత్తలు రాసిచ్చిన దానిలో రెండో భాగాన్ని మీరు సమయం చాలక కత్తిరించేస్తున్నారు. పిడుగు వీడియోలకు రెండు నిమిషాలు, ‘రేపటినుంచి తెరిపి’ అని చిరునవ్వుతో అర నిమిషం. వాన వెలిసిందన్న సంతోషం మాకూ ఉంటుంది, పంచుకోండి. కానీ ఆ అర నిమిషంలో రాత్రి ఉష్ణోగ్రత ఒకటి, ఒంటికి తెలిసే వేడి ఒకటి చదవండి. రెండంకెలకు అయిదు సెకన్లు చాలు.

2027 నాటికి భూమ్మీద ప్రతి మనిషికీ ముందస్తు హెచ్చరిక అందాలని ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి 2022లో లక్ష్యం పెట్టారు. సైరన్లు, ఉపగ్రహాలు, రాడార్లు అన్నీ దాని కోసం కావాల్సిందే. మా గేటు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ హెచ్చరిక ఒక చాక్‌పీస్ రాత. పైన ఏం రాస్తే కింద అదే పడుతుంది.

ఆ కుర్రాడు నెల తర్వాత మళ్లీ పనిలో చేరాడు. మొదటిరోజు సగం పనే ఇచ్చాను. ‘నాకేం కాలేదు సార్, పూర్తి పని ఇవ్వండి’ అని బతిమాలాడు. ఇవ్వలేదు. రెండో డ్రమ్ము తిరిగి దాని చోట పెట్టించాను, నీడ కోసం పైన షీటు కట్టించాను.

ఈ వారం మీ సూచన మళ్లీ అలాగే ఉంది. మంగళ, బుధవారాల్లో ఉరుములు, పిడుగులు, ఈదురుగాలులు. గురువారం నుంచి పొడి వాతావరణం, ఉష్ణోగ్రతలు క్రమంగా పెరుగుతాయి. ఇప్పుడే బోర్డు మీద రాసి వచ్చాను. ఆ లైను కింద కొంత ఖాళీ వదిలాను. తేమ ఎంత, రాత్రి ఎంత, ఆదివారానికి ఒంటికి ఎంతలా ఉంటుంది అన్నది మీరు చెప్తే అక్కడ రాస్తాను. బుధవారం సాయంత్రం లోపు చెప్తే చాలు, గురువారం పొద్దున్నే అందరికీ చదివి వినిపిస్తాను.

ఇట్లు,
ఎండలో పనిచేయించే ఒక సైట్ సూపర్‌వైజర్